పిల్లల సంగతి ఇంట్లో ఎవరు తేలుస్తారు? బెంగళూరు తెలుగు జంటల నిర్ణయాల మీద ఒక విశ్లేషణ

క్లుప్తంగా: పిల్లలు ఎప్పుడు, ఎంతమంది, మధ్యలో ఏ పద్ధతి, చివర్లో ఎవరికి ఆపరేషన్ అనేవి నాలుగు వేర్వేరు నిర్ణయాలు. మొదటి రెండింటి గురించి భార్యాభర్తలు, పెద్దలు బాగానే మాట్లాడుకుంటారు. చివరి రెండింటి దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గిపోయి, భారం ఆడవాళ్ల మీద పడుతుంది. దీనికి కారణాలు కొన్ని చరిత్రలో, కొన్ని ఆస్పత్రుల అలవాట్లలో, కొన్ని సెలవుల చట్టంలో, ఇంకొన్ని ఊరు వదిలి బతకడంలో ఉన్నాయి.

వార్తల్లో మారిన మాట

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని జనాన్ని కోరారు. ఆ నెలలోనే చెన్నైలో జరిగిన ఒక సామూహిక వివాహ వేడుకలో తమిళనాడు ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ కూడా జనాభాను బట్టి జరిగే లోక్‌సభ సీట్ల పునర్విభజనను ప్రస్తావిస్తూ అదే ధోరణిలో మాట్లాడారు. నవంబరులో ఆంధ్ర శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధనను తీసేసింది. ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అని ఆస్పత్రి గోడల మీద చదువుకుంటూ పెరిగిన తరానికి ఇది నిజంగానే తికమక. నిన్నటిదాకా ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ఇంకా కనమంటున్నారు.

ఈ మార్పు వెనక ఉన్న లెక్క తేలికే. ఒక స్త్రీ తన జీవితంలో సగటున కనే పిల్లల సంఖ్య 2.1 దగ్గర ఉంటే జనాభా పెద్దగా పెరగకుండా, తగ్గకుండా నిలబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఆ సంఖ్య 2.0, ఆంధ్రప్రదేశ్‌లోనూ కర్ణాటకలోనూ 1.7, తెలంగాణలోనూ తమిళనాడులోనూ 1.8. అంటే దక్షిణాది రాష్ట్రాలన్నీ గీత కిందికి వచ్చేశాయి. ఇదంతా ప్రభుత్వాలకు కావలసిన లెక్క. ఒక ఇంట్లో నిర్ణయం మాత్రం దీని మీద జరగదు. అద్దె, ఈఎమ్ఐ, ఉద్యోగం, అమ్మ ఆరోగ్యం, మొదటి కాన్పు ఎలా జరిగిందన్న జ్ఞాపకం, వీటి మీద జరుగుతుంది. కాబట్టి జనాభా ఎటు పోతుందో అర్థం కావాలంటే ముందు మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఒక రెండు గదుల ఇంట్లో ఈ మాట ఎలా మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలి.

‘ఏమన్నా విశేషమా?’

పెళ్లయి ఏడాది దాటిందంటే ఆదివారం ఫోన్లలో ఒక ప్రశ్న వచ్చి చేరుతుంది. కడప నుంచో ఒంగోలు నుంచో అమ్మ ముందు ఏం కూర చేశావని అడుగుతుంది, తర్వాత పక్కింటి అమ్మాయికి మూడో నెల అని చెబుతుంది, కాస్త ఆగి ‘ఏమ్మా, ఏమన్నా విశేషమా?’ అంటుంది. ఆ ప్రశ్న కూతురికో కోడలికో వస్తుంది. కొడుకును పిలిచి సూటిగా అడిగే ఇళ్లు తక్కువ.

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తర్వాత జరిగేదంతా ఇక్కడే ఒక దారిలో పడుతుంది. ప్రశ్న ఎవరికి వస్తే జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే అవుతుంది. ‘ఆయనకి ప్రాజెక్టులో టెన్షన్‌గా ఉందమ్మా, ఇంకో ఏడాది ఆగుదామంటున్నారు’ అని భార్య భర్త పేరు అడ్డం పెట్టుకుంటుంది. నిజానికి ఆగుదామన్నది ఇద్దరూ కావచ్చు, ఆమె ఒక్కతే కూడా కావచ్చు. కానీ అల్లుడి మాట అంటే అవతలి వైపు మాట ఆగుతుంది, కూతురి మాట అంటే ఆగదు. అందుకే బయటికి చెప్పే కథలో భర్త నిర్ణయించినట్టు ఉంటుంది, లోపల జరిగింది ఇంకోలా ఉంటుంది.

బెంగళూరు దూరం ఇక్కడ కొంత మేలు చేసింది. ఊళ్లో అత్తగారింట్లో ఉంటే నెల తప్పిందో లేదో ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఇక్కడ ఇద్దరే ఉండడం వల్ల కనీసం తమలో తాము మాట్లాడుకునే చోటు, సమయం దొరుకుతాయి. అయితే ఆ దూరం కాన్పు దాకానే.

బిడ్డను చూసుకునేవాళ్లకు మాట ఉంటుంది

పెద్దవాళ్ల ఒత్తిడిని ‘పాతకాలపు ఆలోచన’ అని కొట్టిపారేస్తే అసలు విషయం అర్థం కాదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం తెచ్చిన, 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కొనసాగుతున్న నిబంధనల ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు, మూడో కాన్పు నుంచి 12 వారాలు. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. తండ్రి సంగతికొస్తే, ప్రైవేటు ఉద్యోగికి పితృత్వ సెలవు ఇవ్వాలని దేశవ్యాప్త చట్టం ఏదీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం 15 రోజులు ఉంది. కంపెనీలు ఇచ్చేది వాటి ఇష్టం.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూడండి. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో బెంగళూరు వస్తారు. సెలవు అయిపోతుంది. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పోనూ రానూ గంటలు పడతాయి కాబట్టి పొద్దున ఎనిమిదికి బయల్దేరిన మనిషి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతుంది. ఆరు నెలల బిడ్డను డే కేర్‌లో వదలడానికి మనసు రాదు, నమ్మకమైన ఆయా దొరకదు. అప్పుడు మూడు నెలలు అమ్మ, మూడు నెలలు అత్తమ్మ వంతుల మీద వస్తారు. ఊళ్లో మామగారికి వండిపెట్టేవాళ్లు లేకుండా, మోకాళ్ల నొప్పులతో, భాష రాని ఊళ్లో నాలుగో అంతస్తులో బిడ్డను ఎత్తుకుని కూర్చునేది ఆవిడ. ‘నాకు ఓపిక ఉండగానే రెండోదాన్ని కూడా కనేయండి’ అని ఆమె అంటే అందులో ఆచారం కంటే లెక్కే ఎక్కువ. ఆమె శ్రమ లేకపోతే ఆ ఇంట్లో రెండు జీతాలు నడవవు. అందుకే ఆమె మాటకు బరువు ఉంటుంది.

దీని ప్రభావం రెండు వైపులా ఉంటుంది. అమ్మ, అత్తమ్మ ఇద్దరూ రాలేని ఇళ్లలో చాలామంది ఒక్కరితో ఆపేస్తారు. రాగలిగిన ఇళ్లలో పెద్దవాళ్ల వయసు గడియారంలా పనిచేసి రెండో కాన్పు తొందరగా వస్తుంది. కాన్పు తర్వాత మళ్లీ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 24 నెలలు ఆగడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అత్తగారి ఓపిక, ఉద్యోగంలో ప్రమోషన్, ఆన్‌సైట్ ఛాన్స్ అన్నీ ఒకేచోట గుద్దుకునేసరికి ఆ ఎడం చాలాసార్లు పాటించలేకపోతున్నారు. ప్రభుత్వాలు ఇంకా కనమని అంటున్న కాలంలో మూడో బిడ్డకు సెలవు సగానికి పైగా తగ్గిపోతుందన్నది కూడా గమనించాలి. మాటతో చెప్పేది ఒకటి, చట్టం ఇచ్చేది ఇంకొకటి అయినప్పుడు ఇల్లు చట్టాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

‘కలిసి’ అన్న మాటకు ఎన్ని అర్థాలు

సర్వేల్లో అడిగితే చాలామంది ‘ఇద్దరం కలిసే అనుకున్నాం’ అంటారు. అబద్ధమని కాదు. కానీ ఆ మాట కింద చాలా రకాలు దాక్కుంటాయి. ఇద్దరూ కూర్చుని డబ్బు, ఉద్యోగం, వయసు అన్నీ మాట్లాడుకున్నదీ ‘కలిసే’. భర్త అన్నదానికి భార్య తల ఊపినదీ ‘కలిసే’. ఎవరూ ఏమీ అనకుండా రోజులు గడిచి, డేట్ తప్పి, సరే ఉంచుకుందాం అనుకున్నదీ ‘కలిసే’. మూడో రకం చాలా ఎక్కువ. దాన్ని నిర్ణయం అనాలా అంటే అనుమానమే.

అదే జాతీయ సర్వేలో మగవాళ్లను అడిగినప్పుడు దాదాపు 35 శాతం మంది, పిల్లలు పుట్టకుండా జాగ్రత్త పడడం ఆడవాళ్ల పని, మగవాళ్లు పట్టించుకోనక్కర్లేదు అన్న మాటతో ఏకీభవించారు. మూడింట రెండు వంతుల మంది ఏకీభవించలేదన్నది మంచి వార్తే. కానీ ఆ అభిప్రాయం చేతల్లోకి వచ్చేసరికి ఏమవుతుందో కింద చూద్దాం.

భర్తను కూర్చోబెట్టి మాట్లాడితే అంతా సర్దుకుంటుందా? జాంబియా రాజధాని లుసాకాలో జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. గర్భనిరోధక సేవలు సులువుగా అందేలా కూపన్లు ఇచ్చారు. కొంతమంది స్త్రీలకు ఒంటరిగా ఉన్నప్పుడు ఇచ్చారు, మరికొంతమందికి భర్త ఎదురుగా ఇచ్చారు. ఒంటరిగా తీసుకున్నవాళ్లు ఎక్కువగా వాడుకున్నారు, వాళ్లలో వద్దనుకున్న కాన్పులు తగ్గాయి. అయితే ఒంటరిగా తీసుకున్నవాళ్లలో మనసుకు స్థిమితం తగ్గినట్టు కూడా తేలింది. చాటుగా వాడడానికి ఒక ధర ఉంది మరి.

మన దగ్గర మహారాష్ట్ర గ్రామాల్లో ‘చార్మ్’ పేరుతో జరిగి 2016లో ప్రచురితమైన ప్రయోగం వేరే దారి చూపింది. అందులో ముందు భర్తలతో విడిగా, మగ ఆరోగ్య కార్యకర్తల చేత మాట్లాడించారు. భార్యను గౌరవించడం, హింస, కొడుకే కావాలనుకోవడం వంటివి కూడా ఆ మాటల్లో ఉన్నాయి. ఆ తర్వాత జంటగా కూర్చోబెట్టారు. అక్కడ భార్యాభర్తల మధ్య ఈ విషయం మీద మాటలు పెరిగాయి, ఆధునిక పద్ధతుల వాడకం కూడా పెరిగింది. రెండూ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. భర్త గదిలో ఉన్నాడా లేడా అన్నది అంత ముఖ్యం కాదు. గదిలోకి వచ్చేముందు అతనికి విషయం తెలుసా, భార్య తనకు వద్దు అని చెప్పగలిగే స్థితిలో ఉందా అన్నవే ఫలితాన్ని మారుస్తున్నాయి.

పద్ధతి దగ్గర మాటలు ఎందుకు ఆగిపోతాయి

ఎప్పుడు కనాలన్నది మాట్లాడుకున్న జంట కూడా అప్పటిదాకా ఏం వాడాలన్నది మాట్లాడుకోదు. బెంగళూరులో కండోమ్ కొనడం ఇప్పుడు కష్టం కాదు. పది నిమిషాల్లో పాలు, పెరుగు తెచ్చే యాప్‌లోనే అదీ వస్తుంది, మందుల షాపులో పేపర్లో చుట్టించుకునే మొహమాటం లేదు. అయినా ‘ఈరోజుకి పర్లేదులే’ అన్న రోజులు ఉంటాయి. ఆ మర్నాడు భార్య అత్యవసర మాత్ర వేసుకుంటుంది. 72 గంటల్లోపు వేసుకోవాల్సిన ఆ మాత్ర ఎప్పుడో ఒకసారికి ఉద్దేశించింది. దాన్ని నెలనెలా అలవాటుగా వాడితే డేట్లు అటూఇటూ అవుతాయి, పైగా రోజూ వేసుకునే మాత్రంత నమ్మకంగా పనిచేయదు.

మామూలుగా జనం వాడే తీరులో, అంటే అప్పుడప్పుడూ మర్చిపోతూ వాడితే, కండోమ్ మీద ఆధారపడిన వంద మంది స్త్రీలలో ఏడాదికి 13 మందికి గర్భం వస్తుందని అంచనా. చివరి క్షణంలో తప్పుకునే పద్ధతిలో 20 మందికి. రోజువారీ మాత్రలతో 7 మందికి. గర్భసంచిలో పెట్టే కాపర్-టి (లూప్)తో ఒకరికంటే తక్కువ. తేడా ఎక్కడుందో చూడండి, ప్రతిరోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతులు ఎక్కువ తప్పుతున్నాయి, ఒకసారి పెట్టించుకుని మర్చిపోగలిగేవి తక్కువ తప్పుతున్నాయి.

మరి కాపర్-టి ఎందుకు అంత తక్కువమంది వాడతారు? దేశంలో పెళ్లయిన స్త్రీలలో అది 2 శాతం దగ్గరే ఆగింది. ‘లూప్ వేయించుకుంటే పైకి వెళ్లిపోతుందట’, ‘రక్తం పోతూనే ఉంటుందట’ అన్న మాటలు ఊళ్లో మొదలై వాట్సాప్ దాకా వచ్చాయి. మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్, కడుపునొప్పి పెరగొచ్చన్నది నిజమే. ఆ సంగతి ముందే చెప్పి, ఎప్పుడు కంగారుపడాలో, ఎప్పుడు అక్కర్లేదో వివరించే సమయం రద్దీ ఓపీలో ఉండదు. చెప్పకుండా పెడితే రెండో నెలలో తీయించుకుంటారు, తీయించుకున్నవాళ్లు పదిమందికి చెబుతారు. అలాగే ‘పిల్లలు పుట్టకముందే మాత్రలు వాడితే తర్వాత పుట్టరు’ అన్న భయం. మాత్రలు ఆపాక గర్భం వచ్చే శక్తి త్వరగానే తిరిగొస్తుంది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ‘అంతర’ పేరుతో 2017 నుంచి ఇస్తున్నది, ఆపాక మాత్రం కొన్ని నెలలు ఎక్కువ పట్టొచ్చు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన ‘ఛాయ’ మాత్ర హార్మోన్ కాదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. కానీ ఐటీ జంటలు ప్రభుత్వ కేంద్రానికి వెళ్లరు, వాళ్లు వెళ్లే ప్రైవేటు క్లినిక్‌లో వీటి ప్రస్తావన తక్కువ.

ఆపరేషన్: రెండో కాన్పు రోజు కారిడార్‌లో

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే తొందరగా, అందరికంటే తక్కువ మాటలతో జరిగేది తిరిగి మార్చుకోలేని నిర్ణయమే. ఒక దృశ్యం చాలా ఇళ్లకు తెలిసిందే. రెండోసారి కూడా సిజేరియన్. భార్యకు సెలైన్ పెట్టి లోపలికి తీసుకెళ్లారు. నర్సు అట్ట మీద కాగితాలు పట్టుకుని బయటికొచ్చి, కన్నడ కలిసిన తెలుగులో ‘ఇది రెండోది కదా సార్, ట్యూబులు కూడా కట్టేయమంటారా?’ అని అడుగుతుంది. భర్త అత్తగారి వైపు చూస్తాడు. ఆవిడ ‘మళ్లీ మళ్లీ కోయించుకోవడం ఎందుకు నాయనా, ఒకేసారి అయిపోతుంది’ అంటుంది. పెన్ను లేదు, రిసెప్షన్‌లో అడిగి తెస్తారు. సంతకం పడుతుంది. అయిదు నిమిషాలు కూడా పట్టదు.

డాక్టర్లు అలా అడగడానికి వైద్యపరమైన కారణం ఉంది. కడుపు ఎలాగూ తెరిచి ఉంటుంది, మత్తు ఒక్కసారే, మూడోసారి సిజేరియన్ అంటే ముప్పు పెరుగుతుంది. అందులో తప్పుపట్టేది లేదు. ఇబ్బంది ఆ ప్రశ్న అడిగే రోజుతో. ఆ రోజు ఆ ప్రశ్నకు ఒకే జవాబు తయారుగా ఉంటుంది. భర్తే ఆపరేషన్ (వేసెక్టమీ) చేయించుకోవడం అన్న దారి ఆ కారిడార్‌లో ఎవరికీ గుర్తురాదు, ఎందుకంటే అక్కడ పేషెంటు అతను కాదు.

రెండు ఆపరేషన్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆడవాళ్లకు ట్యూబులు కట్టే ట్యూబెక్టమీకి కడుపు తెరవాలి లేదా లాప్రోస్కోప్ లోపలికి పంపాలి. కత్తి లేని వేసెక్టమీకి తిమ్మిరి ఇంజెక్షన్ చాలు, చిన్న రంధ్రం, కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి. మగతనం తగ్గదు, బలం తగ్గదు, హార్మోన్లు ఎప్పటిలాగే తయారవుతాయి. ప్రభుత్వం ఇచ్చే పరిహారం కూడా మగవాళ్లకే ఎక్కువ. అయినా 2019-21 సర్వేలో దేశంలో ఆడవాళ్ల ఆపరేషన్ 38 శాతం, మగవాళ్లది 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయింది, తెలంగాణలో 62, కర్ణాటకలో 57. తక్కువ పిల్లలు అన్న తెలుగు రాష్ట్రాల విజయం దాదాపు మొత్తం ఆడవాళ్ల కడుపు మీద కోతతో సాధించింది. ఈ మాట పొగడ్తల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది, అందుకే ఇక్కడ గట్టిగా చెప్పాలి.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1952లో దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క శిబిరంలోనే 60 వేలకు పైగా వేసెక్టమీలు జరిగాయి. తర్వాత అత్యవసర పరిస్థితి వచ్చింది. 1976-77లో జరిగిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 80 లక్షలు దాటాయి, అందులో 60 లక్షలకు పైగా మగవాళ్లవే, చాలావరకు బలవంతంతో, కోటాలతో, బెదిరింపులతో. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం ఓడిపోయింది, కార్యక్రమం పేరు కూడా కుటుంబ సంక్షేమంగా మారింది. ఆ దెబ్బతో వేసెక్టమీ అన్న మాటకు అంటిన మచ్చ పోలేదు. అధికారులూ పార్టీలూ మళ్లీ మగవాళ్ల జోలికి వెళ్లడానికి జంకారు. లక్ష్యాలు మాత్రం అలాగే ఉన్నాయి కాబట్టి అవి ఆడవాళ్ల వైపు తిరిగాయి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు, 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఈ శిబిరాలు ఆపేయాలని ఆదేశించింది. ‘సంపాదించే మనిషి, ఏమన్నా అయితే ఎలా’ అని ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఇక్కడ భార్య కూడా సంపాదిస్తోంది, ఒక్కోసారి ఎక్కువే సంపాదిస్తోంది. వాదన మారలేదు.

చట్టం దగ్గర ఒక ముఖ్యమైన తప్పు అభిప్రాయం ఉంది. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఈ ఆపరేషన్‌కు చేయించుకునే మనిషి సమ్మతి చాలు, భార్యదో భర్తదో సంతకం అక్కర్లేదు. చాలా ఆస్పత్రులు గొడవలు రాకూడదని అడుగుతాయి, అది వాళ్ల అలవాటు. స్త్రీకి 22 నుంచి 49 మధ్య వయసు ఉండాలి, ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒకరుండాలి, మత్తులో ఉన్నప్పుడు తీసుకున్న సమ్మతి చెల్లదు.

సైటు పనికి వచ్చినవాళ్ల ఇళ్లలో

తెలుగు జంటలంటే ఐటీ జంటలే కాదు. పాలమూరు, కర్నూలు, అనంతపురం నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్లు సైటు పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు. ఊళ్లో ఆశా కార్యకర్తకు ఇంటింటి సంగతి తెలుసు, మాత్రలు ఇంటికే తెచ్చిస్తుంది. ఇక్కడ షెడ్డు ఆర్నెల్లకోసారి మారుతుంది కాబట్టి ఎవరి జాబితాలోనూ ఉండరు. కర్ణాటక ప్రభుత్వం పట్టణాల్లో పెట్టిన చిన్న ఆస్పత్రులు, నమ్మ క్లినిక్‌లు, రాష్ట్రంలో 2022 చివర్లో మొదలయ్యాయి గానీ పని మానుకుని వెళ్తే ఆరోజు కూలీ పోతుంది. అందుకే ఎడం కోసం వాడే పద్ధతులు దాటేసి నేరుగా ‘పండక్కి ఊరెళ్లి ఆపరేషన్ చేయించుకొస్తాం’ అన్న దగ్గరికి వస్తారు. ఊళ్లో అయితే అమ్మ దగ్గర వారం రోజులు పడుకోవచ్చు. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, పాతికేళ్ల లోపే ఆపరేషన్ అన్న వరుస ఇక్కడ ఇంకా గట్టిగా ఉంది. ఐటీ ఇంట్లో ఆలస్యం, ఈ ఇంట్లో తొందర. కానీ మగమనిషి వైపు నుంచి ఏం చేయొచ్చన్న ప్రశ్న రెండు చోట్లా రాదు.

వద్దనుకున్న గర్భం, కావాలనుకున్నా రాని గర్భం

1971 నాటి గర్భస్రావ చట్టం, దాని 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని వర్గాల స్త్రీలకు 20 నుంచి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఆమోదిస్తే గర్భస్రావం చేయించుకోవచ్చు. పద్ధతి విఫలమవడం కూడా చట్టం ఒప్పుకున్న కారణమే. 18 నిండిన స్త్రీ సంతకం ఒక్కటే కావాలి, భర్తది అవసరం లేదు, వివరాలు గోప్యంగా ఉంచాలి. పెళ్లికాని స్త్రీలకూ ఇదే హక్కు ఉందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంత సులువుగా ఉన్న విషయం చాలామంది జంటలకు తెలియక, మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని ఇంట్లో వేసుకునే దాకా వెళ్తుంది. ఎన్ని వారాలో స్కాన్‌లో చూసుకోకుండా, డాక్టరు లేకుండా వేసుకుంటే రక్తస్రావం ప్రాణం మీదికి రావొచ్చు.

ఇక ముప్పై దాటాక మొదలుపెట్టిన జంటల కష్టం వేరు. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆర్నెల్లకే, డాక్టరును కలవాలి. సగానికి దగ్గర కేసుల్లో భర్త వైపు కూడా ఏదో కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలిక, ఖర్చు తక్కువ, నొప్పి లేదు. అయినా భార్యకు స్కాన్లు, రక్త పరీక్షలు, ట్యూబుల్లోకి మందు పంపి తీసే నొప్పి ఎక్స్‌రే అన్నీ అయ్యాక ‘సార్‌ని కూడా ఒకసారి చేయించుకోమనండి’ అన్న మాట వచ్చే సందర్భాలు ఉన్నాయి. వేసెక్టమీ దగ్గర కనిపించిందే ఇక్కడా కనిపిస్తోంది. తేలికైన దారి మగవాడి వైపు ఉన్నప్పుడు అది చివర్లో గుర్తొస్తోంది.

ముందు ముందు ఎలా ఉండొచ్చు

ముఖ్యమంత్రుల పిలుపుతో మూడో బిడ్డ సంఖ్య పెద్దగా పెరుగుతుందని అనుకోవడానికి ఆధారాలు తక్కువ. జనన రేటు పడిపోయాక డబ్బు, సెలవులు ఇచ్చి పెంచాలని చూసిన దక్షిణ కొరియా, జపాన్ వంటి దేశాలు చాలా ఖర్చు పెట్టి కూడా దాన్ని పెద్దగా పైకి లాగలేకపోయాయి. పైగా 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయిన రాష్ట్రంలో, రెండో కాన్పు రోజే ట్యూబులు కట్టేసిన ఇంట్లో, మనసు మారినా ఒళ్లు మారదు. ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది, ఫలితం గ్యారంటీ లేదు.

మారే అవకాశం ఉన్నది పద్ధతుల దగ్గర. చిన్న వయసులో ఆపరేషన్ తగ్గి, కాపర్-టి వంటివి పెరిగితే ఇద్దరూ ఆలోచించుకోవడానికి ఏళ్లు దొరుకుతాయి. అది జరగాలంటే కారిడార్‌లో అడిగే ప్రశ్న ఏడో నెల చెకప్‌లోనే అడగాలి, ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడు, భార్యతో విడిగా ఒకసారి మాట్లాడాక. కాన్పు అయిన 48 గంటల్లోపు కాపర్-టి పెట్టొచ్చు, సిజేరియన్ అయితే అదే టేబుల్ మీద పెట్టొచ్చు, దానికి ఒప్పుకుంటున్నట్టు ముందే రాయించుకోవాలి. ఇక పిల్లలు చాలనుకున్న జంటకు ఒక వరుస ఉంది. ప్రస్తుతానికి ఆమెకు కాపర్-టి. చిన్నబిడ్డ మొదటి పుట్టినరోజు దాటాక, అప్పటికీ ఇద్దరిదీ అదే మాట అయితే, శుక్రవారం అతను వేసెక్టమీ చేయించుకుంటే సోమవారం కూర్చుని చేసే పనికి వెళ్లొచ్చు. మూడు నెలలు ఆగి వీర్య పరీక్ష చేయిస్తారు. కణాలు లేవని రిపోర్టు వచ్చాక ఆమె కాపర్-టి తీయించుకోవచ్చు.